దావావ్ అంటే ఏ దావావ్? ఒకే పేరున్న ఐదు ప్రావిన్సులు, వాటిలో దేని పాలనలోనూ లేని నగరం

2025 అక్టోబర్ 10 ఉదయం దక్షిణ ఫిలిప్పీన్స్‌ను 7.4 తీవ్రతతో భూకంపం కుదిపేసినప్పుడు వార్తల్లో ప్రధానంగా వినిపించిన పేరు దావావ్. తెలుగు రాష్ట్రాల నుంచి వైద్యవిద్య కోసం ఫిలిప్పీన్స్ వెళ్లిన పిల్లల్లో గణనీయమైన సంఖ్య దావావ్ నగరంలోనే ఉంటుంది కాబట్టి, ఆ పేరు చెవిన పడగానే ఇక్కడి తల్లిదండ్రుల గుండె ఝల్లుమనడం సహజం. నిజానికి భూకంప కేంద్రం ఉన్నది దావావ్ ఒరియెంతాల్ అనే ప్రావిన్సులోని మనాయ్ పట్టణానికి ఎదురుగా, సముద్రంలో. దావావ్ నగరం అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా పడమరన ఉంది. ప్రకంపనలు నగరంలోనూ బలంగానే తెలిశాయి. అయినా ఈ రెండు చోట్లూ వేర్వేరు నేలలు, వేర్వేరు పాలనలు. ఒకచోటి నష్టం లెక్కను రెండోచోటికి అంటగడితే వార్తే తప్పుదారి పడుతుంది.

పేరు రాసే తీరులోనూ మనకు ఏకాభిప్రాయం లేదు. దావో అనీ డావో అనీ దవావో అనీ రకరకాలుగా రాస్తున్నారు; ఏటా జనవరిలో మన ముఖ్యమంత్రులు పెట్టుబడుల వేటకు వెళ్లే స్విట్జర్లాండ్ దావోస్‌తో కలిపేసేవారూ లేకపోలేదు. స్థానికుల ఉచ్చారణకు దగ్గరగా ఉంటుందని ఈ వ్యాసంలో దావావ్ అనే వాడుతున్నాను.

## అఖాతం చుట్టూ ఐదు ముక్కలు

ఫిలిప్పీన్స్ 7,641 దీవుల దేశం. ఉత్తరాన లుజోన్, నడుమ విసాయస్, దక్షిణాన మిందనావ్ అని మూడు భాగాలుగా చెప్పుకోవడం అక్కడి వాడుక. మిందనావ్ దీవి ఆగ్నేయ మూలన సముద్రం నేలలోకి చొచ్చుకుపోయిన చోటు దావావ్ అఖాతం. దాన్ని గుర్రపు నాడాలా మూడు వైపులా చుట్టుకుని ఉన్న భూభాగమంతా 1967 వరకు దావావ్ అనే ఒకే ప్రావిన్సు. ఇప్పుడు అదే నేల మీద ఐదు ప్రావిన్సులు ఉన్నాయి.

అఖాతం తల దగ్గర, ఉత్తరాన దావావ్ దెల్ నోర్తె ఉంది, రాజధాని తాగుమ్. దానికి తూర్పున కొండల మధ్య దావావ్ దె ఒరో, రాజధాని నబున్‌తురాన్. ఆ కొండలు దాటితే పసిఫిక్ ఒడ్డున దావావ్ ఒరియెంతాల్, రాజధాని మాతి. అఖాతానికి పడమటి ఒడ్డున దావావ్ దెల్ సుర్, రాజధాని దిగోస్. ఆ ఒడ్డు వెంబడే ఇంకా కిందికి దిగితే దావావ్ ఒక్సిదెంతాల్, రాజధాని మలితా. ఈ తోకలన్నీ స్పానిష్ మాటలు. నోర్తె ఉత్తరం, సుర్ దక్షిణం, ఒరియెంతాల్ తూర్పు, ఒక్సిదెంతాల్ పడమర; దె ఒరో అంటే బంగారపు దావావ్. ఇందులోనే ఒక చిక్కు ఉంది. దక్షిణ దావావ్‌కు దక్షిణాన ఉన్నది పశ్చిమ దావావ్! పేరులోని దిక్కును నమ్ముకుని పటం చదవబోతే దారి తప్పక తప్పదు.

పడమట ఎత్తైన గోడలా నిలబడేది అపో పర్వతం. 2,954 మీటర్లతో అది ఫిలిప్పీన్స్ మొత్తంలో అత్యున్నత శిఖరం. దావావ్ నగరం, దావావ్ దెల్ సుర్, కోతబాతో ప్రావిన్సుల సరిహద్దులు దాని వాలుల మీదే కలుసుకుంటాయి. ఆ దేశపు జాతీయ పక్షి ఫిలిప్పీన్ గద్దకు మిగిలిన ఆవాసాల్లో ఈ అడవులూ ఉన్నాయి. తూర్పున మాతి వైపు హమిగితాన్ పర్వత శ్రేణి ఉంది. అక్కడి ప్రత్యేకమైన మట్టి వల్ల చెట్లు మరుగుజ్జులుగా ఉండిపోయిన అడవి కారణంగా దానికి పేరొచ్చింది. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దావావ్ ఒక్సిదెంతాల్ కొసన సముద్రంలో ఉన్న బాలుత్, సారంగని దీవులు దాటితే ఇండోనేషియా జలాలు వచ్చేస్తాయి. అక్కడికి దగ్గర్లోని మియాంగాస్ అనే చిన్న దీవి ఎవరిదన్న విషయంలో అమెరికా, నెదర్లాండ్స్ మధ్య నడిచిన వ్యాజ్యంలో 1928లో నెదర్లాండ్స్‌కు అనుకూలంగా తీర్పు వచ్చింది. అందుకే ఆ దీవి నేడు ఇండోనేషియాలో ఉంది.

## ప్రావిన్సు అంటే జిల్లానా, రాష్ట్రమా?

రెండూ కాదు. ఫిలిప్పీన్స్ మనలా రాష్ట్రాల సమాఖ్య కాదు, ఏకకేంద్ర రాజ్యం. కాబట్టి ప్రావిన్సుకు మన రాష్ట్రానికి ఉన్నట్టు సొంత శాసనాధికారం, హైకోర్టు ఉండవు. అలాగని మన జిల్లాలా పైనుంచి నియమితుడైన అధికారి నడిపే యూనిట్ కూడా కాదు. అక్కడి గవర్నర్‌ను ప్రజలే నేరుగా మూడేళ్లకోసారి ఎన్నుకుంటారు. వరుసగా మూడు దఫాలకు మించి ఆ పదవిలో ఉండకూడదు. రాజ్‌భవన్ గవర్నర్‌ను మనసులో పెట్టుకుని చదివితే అక్కడి వార్త అర్థం కాదు. అధికారాల పరిధిని బట్టి చూస్తే ఆ గవర్నర్ మన జిల్లా పరిషత్ చైర్మన్‌కు కాస్త దగ్గరగా ఉంటారు, పలుకుబడిని బట్టి చూస్తే అంతకన్నా చాలా పెద్దవారు.

2022లో మగిందనావ్ రెండుగా చీలాక దేశంలో ప్రావిన్సుల సంఖ్య 82కు చేరింది. వాటి పైన ‘రీజియన్’ అనే అంచె ఉంది. ఐదు దావావ్‌లూ, దావావ్ నగరమూ కలిసి పదకొండో రీజియన్. ముస్లిం మిందనావ్ స్వయంపాలిత ప్రాంతాన్ని మినహాయిస్తే రీజియన్లకు సొంత ప్రభుత్వం ఉండదు, అవి శాఖల కార్యాలయాల సౌలభ్యం కోసం గీసిన గీతలే. ప్రావిన్సు కింద మునిసిపాలిటీలు, నగరాలు. వాటి కింద అన్నిటికన్నా చిన్నదైన బరంగాయ్. మునిసిపాలిటీ అనగానే మనకు పట్టణమే గుర్తొస్తుంది. అక్కడ మాత్రం నాలుగు వీధుల బజారు, దాని చుట్టూ కొబ్బరి తోటలు, కొండ మీది గూడేలు అన్నీ కలిపి ఒక మునిసిపాలిటీ. మన మండలంతో పోల్చుకుంటే కొంత నయం.

## నగరం పటంలో లోపల, పాలనలో బయట

అసలు తికమక దావావ్ నగరం దగ్గరే. ఫిలిప్పీన్స్ చట్టం నగరాలను ఒకే గాటన కట్టదు. ప్రావిన్సు పర్యవేక్షణలో ఉండేవి కొన్ని, ఉండనివి కొన్ని. 1991 నాటి స్థానిక ప్రభుత్వ స్మృతి ప్రకారం కనీసం రెండు లక్షల జనాభా, నిర్ణీత ఆదాయం ఉన్న నగరాన్ని ‘అధిక పట్టణీకృత నగరం’గా ప్రకటించవచ్చు. అలా ప్రకటించాక ఆ నగరం ప్రావిన్సు అధికారం నుంచి పూర్తిగా బయటికి వస్తుంది. ఆ నగర ఓటరు ప్రావిన్సు గవర్నర్‌కు ఓటు వేయడు, నగరంలో వసూలయ్యే పన్నులో ప్రావిన్సుకు వాటా ఉండదు. దావావ్ నగరం ఈ కోవలోనిది.

ఇక్కడ అంకెలు చూస్తే విషయం తేటపడుతుంది. 2020 జనగణన ప్రకారం దావావ్ దెల్ సుర్ జనాభా 6,80,481. దావావ్ నగర జనాభా 17,76,949. గణాంకాల్లోనూ పటాల్లోనూ నగరాన్ని దావావ్ దెల్ సుర్‌తో కలిపి చూపే ఆనవాయితీ ఉంది. అలా కలిపితే 24,57,430 అవుతుంది. అంటే ఒకే ప్రావిన్సుకు ఒక పట్టికలో ఏడు లక్షల లోపు, మరో పట్టికలో దాదాపు ఇరవై అయిదు లక్షలు కనిపిస్తాయి. రెండూ సరైన అంకెలే. మొదటిది పాలన లెక్క, రెండోది భూగోళం లెక్క. పోలీసుల సంఖ్యనో ఆసుపత్రి పడకలనో తలసరిగా లెక్కగట్టేవారు ఏ అంకెను తీసుకున్నారో చెప్పకపోతే ఫలితం మూడున్నర రెట్లు అటూ ఇటూ అవుతుంది.

ఇక ‘నగరం’ అనే మాట కూడా మనల్ని మోసం చేస్తుంది. దావావ్ నగర విస్తీర్ణం 2,443 చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో 182 బరంగాయ్‌లున్నాయి. రద్దీ కూడళ్లు, మాల్స్, వైద్య కళాశాలలు ఉన్నది తీరం పక్కన. మిగతాదంతా పైకి పోయేకొద్దీ అరటి, కోకో, దురియాన్ తోటలు, ఆపైన అడవి. ‘దావావ్ నగరంలో కొండచరియ విరిగిపడింది’ అన్న వార్త వచ్చినప్పుడు అది కళాశాల వీధికి గంటల ప్రయాణ దూరంలోని మారిలోగ్ కొండల్లో జరిగినదైనా ఆశ్చర్యం లేదు.

దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ సమాల్ దీవి. దావావ్ నగరం ఒడ్డున నిలబడితే నీళ్లకు ఆవల అది కళ్లకు కనిపిస్తుంది. వాహనాలతో సహా జనాన్ని ఎక్కించుకునే బల్లకట్టు లాంటి ఫెర్రీలో పావుగంట ప్రయాణం. సెలవు రోజున నగరవాసులు ఈతకు వెళ్లేది అక్కడికే. కానీ ఆ దీవి దావావ్ దెల్ నోర్తె ప్రావిన్సుకు చెందిన వేరే నగరం. రెంటినీ కలుపుతూ చైనా రుణంతో వంతెన నిర్మాణం మొదలైంది. పగడపు దిబ్బలకు ముప్పని పర్యావరణవాదులు అభ్యంతరం చెబుతున్నారు. కంటికి ఎదురుగా ఉన్న దీవి పరాయి ప్రావిన్సు, కొండల వెనక కనిపించని గూడెం సొంత నగరం. దావావ్ పటం ఇంతే.

## నార మొక్క తెచ్చిన జనం

స్పెయిన్ పాలన లుజోన్‌లో 16వ శతాబ్దంలోనే నాటుకున్నా, దావావ్ అఖాతానికి చేరడానికి చాలా కాలం పట్టింది. 1848లో హోసె ఒయాంగురెన్ అనే బాస్క్ సాహసికుడు స్థానిక ముస్లిం నాయకుడు దాతు బాగోను ఓడించి ఇక్కడ స్పానిష్ స్థావరం నెలకొల్పాడు. అప్పటికి ఈ నేల ఖాళీగా లేదు. బగోబో, మందాయా, మన్సాకా, బ్లాన్, మనోబో వంటి ఆదివాసులు, తీరాల్లో కాగన్ వంటి ముస్లిం సమూహాలు ఎప్పటి నుంచో ఉన్నవారే. ఆదివాసులను కలిపి నేడు లుమద్‌లంటారు. దావావ్ అన్న మాట కూడా నదికి ఆదివాసులు పెట్టుకున్న పేరు నుంచే పుట్టిందని చెబుతారు.

నేలను నిజంగా మార్చినది అబాకా. ఇది అరటి జాతి మొక్కే, కానీ పండు కోసం కాదు, నార కోసం పెంచుతారు. బోదెను నరికి, పొరలుగా ఒలిచి, ఒక్కో పట్టీని కత్తి అంచు కింద బిగబట్టి లాగితే గుజ్జు ఊడిపోయి పొడవాటి నార మిగులుతుంది. ఉప్పునీటికి త్వరగా చివకని నార కాబట్టి ఓడల మోకులకు ప్రపంచమంతా దీన్నే కొనేది. అమెరికా పాలన కాలంలో దావావ్‌లో అబాకా తోటలు విస్తరించాయి. లుజోన్ కొండల్లో బెంగెత్ రోడ్డు పని ముగిసి ఖాళీగా ఉన్న జపాన్ కూలీలను ఒహ్తా క్యోసాబురో అనే వ్యాపారి ఇక్కడికి తెచ్చాడు. 1907లో తన కంపెనీ పెట్టాడు. 1930ల చివరికి దావావ్‌లో జపనీయులు దాదాపు 18 వేల మంది. బడులు, పత్రికలు, ఆలయాలు అన్నీ ఏర్పడ్డాయి. మంచూరియాలో జపాన్ నెలకొల్పిన మంచుకువోను గుర్తుచేస్తూ దీన్ని ‘దావావ్‌కువో’ అని ఎత్తిపొడిచేవారు.

జపనీయుల పట్టు పెరిగిపోతోందన్న ఈ భయం పాలనలోనూ కనిపించింది. 1936లో చట్టం చేసి దావావ్‌ను నగరంగా మార్చినప్పుడు మేయర్‌ను ప్రజలు ఎన్నుకునే వీలు ఇవ్వలేదు, అధ్యక్షుడే నియమించేవాడు. స్థానిక రాజకీయం జపనీయుల చేతిలోకి పోకుండా చూడటం దీని వెనకున్న ఉద్దేశాల్లో ఒకటని చరిత్రకారుల మాట. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపనీయులను పంపించేశారు. విసాయస్ దీవుల నుంచి వలస వచ్చిన రైతులు నిండిపోయారు. అందుకే నేడు దావావ్ వీధుల్లో వినిపించేది జాతీయ భాష కన్నా ఎక్కువగా సెబువానో. లుమద్‌లు తమ పూర్వీకుల నేలలోనే మైనారిటీ అయ్యారు. భూమి హక్కుల తగాదాలు ఈనాటికీ తెగలేదు.

తెగుళ్లు సోకి, కృత్రిమ దారాలు వచ్చి అబాకా వెనకబడ్డాక అదే కుటుంబానికి చెందిన మరో మొక్క ముందుకొచ్చింది. తాగుమ్, పనాబో మైదానాల్లో పండే కావెండిష్ అరటి జపాన్, చైనాలకు ఓడల్లో వెళుతుంది. తుపాన్ల దారికి దక్షిణంగా ఉండటం, వాన ఏడాదంతా సమంగా పడటం దీనికి కలిసొచ్చాయి. వాటిని ఇప్పుడు ఫ్యుజేరియం ఎండుతెగులు పీడిస్తోంది.

## ముక్కలు చేసిన క్రమం, ముక్కలతో వచ్చే డబ్బు

1967లో ఉమ్మడి దావావ్‌ను నోర్తె, సుర్, ఒరియెంతాల్ అని మూడు చేశారు. 1972లో నోర్తె పేరును మళ్లీ ఉత్త దావావ్‌గా మార్చారు. 1998లో దాని నుంచి కొంపొస్తెలా వ్యాలీ విడిపోయినప్పుడు మిగిలినదానికి తిరిగి దావావ్ దెల్ నోర్తె అన్న పేరొచ్చింది. 2013లో దావావ్ దెల్ సుర్ నుంచి దావావ్ ఒక్సిదెంతాల్ పుట్టింది. 2019 డిసెంబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి కొంపొస్తెలా వ్యాలీని దావావ్ దె ఒరోగా మార్చారు. కాబట్టి 1960 నాటి పత్రంలో ‘దావావ్ ప్రావిన్సు’ అంటే మొత్తం నేల. 1985 నాటి పత్రంలో అదే మాటకు నేటి నోర్తె, దె ఒరోలు మాత్రమే అర్థం. పుట్టిన ఊరి ధ్రువీకరణల నుంచి పాత జనగణన దాకా ఈ తేడా పట్టించుకోక తప్పదు.

కొత్త ప్రావిన్సు కావాలంటే నిర్ణీత ఆదాయంతో పాటు 2,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం లేదా రెండున్నర లక్షల జనాభా ఉండాలి. కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చట్టం చేయాలి. సంబంధిత ఓటర్లు ఒప్పుకోవాలి. దావావ్ ఒక్సిదెంతాల్‌లో ఉన్నవి ఐదే మునిసిపాలిటీలు, ఒక్క నగరమూ లేదు. అయినా విస్తీర్ణం రెండు వేలు దాటింది, 2010 నాటికే జనాభా 2,93,780. గీత దాటింది.

డబ్బు సంగతి ఇంకా ఆసక్తికరం. జాతీయ పన్నుల్లో స్థానిక సంస్థలకు వెళ్లే భాగంలో 23 శాతం ప్రావిన్సులది. దాన్ని పంచే సూత్రంలో జనాభాకు 50 శాతం, విస్తీర్ణానికి 25 శాతం వెయిటేజీ; మిగిలిన 25 శాతాన్ని చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని ప్రావిన్సులకూ సమానంగా పంచుతారు. ప్రావిన్సును చీలిస్తే మొత్తం జనాభా పెరగదు, నేల పెరగదు. సమాన వాటా మాత్రం రెండింతలవుతుంది. ఆ సమాన భాగాన్ని వంద పెసోలు (అక్కడి కరెన్సీ) అనుకుందాం. 80 ప్రావిన్సులున్నప్పుడు దావావ్ దెల్ సుర్‌కు వచ్చేది 1.25 పెసోలు. ఒక్సిదెంతాల్ 81వ ప్రావిన్సుగా చేరాక ఒక్కోదానికి 1.23 పెసోల చొప్పున అదే నేలకు రెండూ కలిపి 2.47 దాకా వస్తాయి. మిగతా 79 ప్రావిన్సుల జేబుల నుంచి తలా ఒకటిన్నర సెంటావో (పెసోలో నూరో వంతు) పోయింది. అంత చిన్న కోతకు ఎవరూ గొడవ చేయరు. అదే ఈ ఏర్పాటులోని కిటుకు.

## విభజన ఎవరికి మేలు?

సమర్థకుల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పాత దావావ్ దెల్ సుర్‌లో హోసె అబాద్ సాంతోస్ అనే మునిసిపాలిటీ కొండల్లో ఉన్నవారికి రాజధాని దిగోస్ అందని దూరం. దారులు అధ్వానం, సారంగని దీవులవారికి పడవ ప్రయాణం అదనం. రాజధాని దగ్గరైతే ఆసుపత్రి, రోడ్డు నిధులు, కార్యాలయాలు దగ్గరవుతాయన్నది వారి మాట. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలను విభజించినప్పుడు వినిపించిన వాదనే ఇది. అయితే మనదగ్గర కొత్త జిల్లాకు కొత్త కలెక్టర్ వస్తాడు. అక్కడ కొత్త గవర్నర్ పీఠం ఎన్నికలకు వస్తుంది.

విమర్శకులు వేలు పెట్టి చూపేది సరిగ్గా ఆ పీఠాన్నే. దావావ్ దెల్ సుర్ రాజకీయాన్ని కాగస్, బావుటిస్టా కుటుంబాలు చాలాకాలం పంచుకున్నాయి. ఒక్సిదెంతాల్ బిల్లును పెట్టినవారు కూడా ఈ రెండు కుటుంబాల ప్రతినిధులే. విచిత్రమేమిటంటే, ప్రజాభిప్రాయ సేకరణ చట్టంలో చెప్పిన గడువులోగా కాక 2013 అక్టోబర్ 28కి వాయిదా పడినప్పుడు, దాన్ని ఆపాలని సుప్రీంకోర్టుకు వెళ్లింది బిల్లు పెట్టినవారిలో ఒకరైన కాగస్. పోలింగ్‌కు మూడు రోజుల ముందు కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. ఓటర్లు అవునన్నారు. 2016లో తొలి గవర్నర్ అయింది బావుటిస్టా కుటుంబ సభ్యుడు. దీన్ని బట్టి విభజన అంతా కుటుంబాల పంపకమేనని తేల్చేయడం తొందరపాటు. సేవలు చేరువ కావడం, కుటుంబ పట్టు బిగియడం రెండూ ఒకేసారి జరగగలవు. నా మట్టుకు, కొత్త పీఠాలకూ సిబ్బందికీ పోయే ఖర్చును తీసివేశాక ఆ అదనపు వాటాలో మునిసిపాలిటీలకు ఎంత చేరిందన్నదే అసలు ప్రశ్న.

నగరం, ప్రావిన్సుల తేడా ఒకే ఇంట్లోనూ కనిపిస్తుంది. విసెంతె దుతెర్తె 1959 నుంచి 1965 వరకు ఉమ్మడి దావావ్ ప్రావిన్సు గవర్నర్. ఆయన కుమారుడు రోద్రిగో ఇరవై ఏళ్లకు పైగా దావావ్ నగర మేయర్, 2016లో దేశాధ్యక్షుడు. 2025 మార్చిలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారెంటుపై అరెస్టయ్యాడు. మాదకద్రవ్యాలపై పోరు పేరిట జరిగిన హత్యల ఆరోపణల్లో ‘దావావ్’ అన్న మాట వచ్చినచోటల్లా అది నగరాన్నే సూచిస్తుంది. మిగతా ఐదు ప్రావిన్సులు ఆ మేయర్ పరిధిలో ఎన్నడూ లేవు.

## విపత్తు వార్తను చదివేటప్పుడు

తూర్పు తీరానికి ఆవల సముద్రం అడుగున ఫిలిప్పీన్ అగాధం ఉంది. ఒక భూఫలకం కిందికి మరో భూఫలకం జారే చోటు. మనాయ్ భూకంపం ఆ వైపుదే. 2019 డిసెంబర్ 15న 6.9 తీవ్రతతో వచ్చినది మాత్రం వేరు. అది పడమట దావావ్ దెల్ సుర్ నేల లోపలి పగుళ్లలో పుట్టింది. పదాదా పట్టణంలో ఒక సూపర్‌మార్కెట్ భవనం కూలింది. రెండూ పేపర్లో ‘దావావ్ భూకంపం’గానే వచ్చాయి. మొదటిదానికి సునామీ హెచ్చరిక అవసరమైంది, ఎందుకంటే కేంద్రం సముద్రంలో ఉంది.

తుపాన్లు రావన్న పేరును 2012 డిసెంబర్ 4న పాబ్లో చెరిపేసింది. అంతర్జాతీయంగా బోఫా అని పిలిచిన ఆ తుపాను దావావ్ ఒరియెంతాల్‌లోని బగాంగా వద్ద తీరం దాటింది. కానీ ఎక్కువ ప్రాణాలు పోయిన చోట్లలో ఒకటి తీరం కాదు, కొండల లోపలి న్యూ బతాన్. వానకు కొండ నుంచి బండలు, మొద్దులు, బురద కలగలిసి దిగి ఆందప్ అనే బరంగాయ్‌ను తుడిచిపెట్టాయి. 2024 ఫిబ్రవరి 6న మాకో పట్టణంలోని మసారా అనే బంగారు గనుల ఊరి మీద కొండచరియ విరిగిపడింది. పాత కథనాల్లో న్యూ బతాన్ ఉన్నది కొంపొస్తెలా వ్యాలీలో, కొత్త కథనాల్లో మాకో ఉన్నది దావావ్ దె ఒరోలో. రెండూ ఒకే ప్రావిన్సు, ఒకే కొండల వరుస.